ఎర్ర చుక్క లేని గడి

ఆ సోమవారం ఉదయం శోభ వేసుకున్న పథకం చాలా చిన్నది. కుక్కరు మూడు విజిళ్లు వేసేలోపు అత్తగారి దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టేయాలి, తొమ్మిదికల్లా షాపు షట్టరు ఎత్తాలి. ఎమ్మిగనూరు బస్టాండు వెనక సందులో ఆమెకొక నెట్ సెంటరు ఉంది. పింఛన్లు, పంట బీమాలు, ఆధార్‌లో తప్పుపడిన పుట్టినరోజులు, ఇలా పదకొండేళ్లుగా ఊరి కాగితాలు సగం ఆమె చేతి మీదుగానే కర్నూలుకు పోతున్నాయి. ఆమె పెట్టిన దరఖాస్తు ఒక్కటి కూడా వెనక్కి రాలేదని పేరు. ఆ పేరు ఊరు ఇచ్చింది కాదు, ఆమే అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పి తెచ్చుకున్నది.

ఆమె వృత్తి రహస్యాలు రెండే. ఒకటి, ఫారంలో పక్కన ఎర్ర చుక్క ఉన్న గడులే నింపాలి. చుక్క లేని గడి కనబడితే అందులో ఏముందో చదవకుండానే ‘వర్తించదు’ అని కొట్టేయాలి. "చుక్క ఉండేది గవర్నమెంటుకు కావాల్సింది. చుక్క లేనిది మన నోరు జారించేకి పెట్టింటారు" అనేది ఆమె సిద్ధాంతం. రెండోది, జనం మరీ మీద పడితే తల ఎత్తకుండా ఒకటే మాట: "సర్వర్ డౌన్ ఉంది, రేపు రా." సర్వరు నిజంగా పనిచేయని రోజులు ఏడాదికి పది ఉంటాయేమో. మిగిలినవన్నీ శోభ పనిచేయని రోజులు.

అత్తగారు తిమ్మక్కకు డెబ్బై ఒకటి. చేనేత ఇల్లు. పగలు మగ్గం పనిలో కొడుకు బాలుకు సాయం, సాయంత్రం వీధి చివరి పాత అద్దకం షెడ్డులో జడకోలాటం. షెడ్డు దూలానికి ఇనుప కొండి, కొండికి పదహారు రంగుల తాళ్లు. మగ్గాల మీద మిగిలిన పడుగు కొసలు ఏరి ఆమె స్వయంగా పేనినవి. పదహారు మంది ఆడవాళ్లు ఎడమచేత తాడు, కుడిచేత కోలు పట్టుకుని ఒకరు లోపలికీ ఒకరు బయటికీ దాటుతూ ఆడుతుంటే, పైనుంచి కిందికి ఆ తాళ్లు జడగా అల్లుకుంటాయి. అది సగం ఆటే. పాట ఆపకుండా, అడుగులు వెనక్కి వేస్తూ ఆ జడను చిక్కు పడకుండా విప్పాలి. అల్లడం ఆ వీధిలో చాలామందికి వచ్చు. విప్పేటప్పుడు ఏ తాడు ముందు కదలాలో కేక వేసి చెప్పడం మాత్రం తిమ్మక్క ఒక్కతికే వచ్చు.

జానపద కళలు నేర్పే గురువులకు ప్రభుత్వం ఏడాది పాటు సాయం చేస్తుందని విని, తిమ్మక్కే కోడలిని అడిగింది. డబ్బు సంగతి ఆమెకు పట్టలేదు.

"యాభై ఏండ్లాయ శోభా ఆడబట్టి. జాతరలో మైకులో ఏమంటారు? ‘నాగప్ప భార్య బృందం’ అంటారు. ఆయప్ప పోయి పన్నెండేండ్లాయ, ఇంగా ఆయప్ప భార్య బృందమే. ఒక్క కాయితం మీదన్నా నా పేరు రాయించు. సచ్చేలోపల సూసుకుంటా."

"దానికేముందత్తా? పది నిమిషాల పని" అంది శోభ.

నిజంగా పది నిమిషాల పనే అయ్యేది. కాని గురువు వయసు అనే గడిలో డెబ్బై ఒకటి కొట్టగానే పోర్టల్ ఎర్రబడింది. ‘వయసు 25 నుంచి 60 మధ్య ఉండాలి.’ మళ్లీ కొట్టింది. మళ్లీ ఎర్రబడింది. కుక్కరు రెండో విజిలు వేసింది. పదకొండేళ్ల పేరు కళ్లముందు ఆడింది. ఆధార్‌లో అత్తగారి వయసు పదకొండేళ్లు తగ్గించవచ్చుగాని, అప్పుడు కన్నకొడుకు బాలు ఆమెకు పదమూడో ఏటే పుట్టినట్టు అవుతుంది.

మూడో విజిలుకు శోభ గురువు పేరు గడిలో తన పేరు కొట్టింది. వయసు ముప్పై ఆరు. పోర్టల్ వెంటనే పచ్చబడింది. ఆన్‌లైన్‌లో ఎవరి పేరుంటే ఏం, సాయం వచ్చేది ఈ ఇంటికే కదా అని సర్దిచెప్పుకుంది. కింద చుక్క లేని గడులు నాలుగైదు ఉంటే చూడకుండా ‘వర్తించదు’ కొట్టి, సబ్మిట్ నొక్కి, అన్నం దించింది.

సాయంత్రం తిమ్మక్క ప్రింటు చూపించమంది. ఆమెకు చదువు రాదు. కాగితాన్ని దీపం దగ్గర పట్టుకుని అడిగింది.

"యాడుంది నా పేరు?"

శోభ అత్తగారి వేలు పట్టుకుని, తన పేరు మీదే పెట్టింది. "ఇదో, ఈడ."

తిమ్మక్క ఆ అక్షరాలను మెల్లగా తడిమి, వేలిని కళ్లకద్దుకుంది. మర్నాడు కాగితం పట్టుకుని షాపుకే వచ్చింది, తడి తగలకుండా లామినేషన్ చేసివ్వమని. శోభ తన చేతులతోనే చేసింది. ఆ మిషన్ అంత వేడిగా ఉంటుందని ఆమెకు ఆ రోజే తెలిసింది. దేవుడి పటాల పక్కన ఆ దరఖాస్తు చేరింది, రోజూ దానికీ ఒక కుంకుమ బొట్టు.

అక్కడితో ఆగి ఉంటే కథ లేదు. బుధవారం శోభ ఫోనుకు మెసేజి వచ్చింది. శుక్రవారం పదకొండు గంటలకు తనిఖీ అధికారి వస్తారు, గురువు స్వయంగా శిష్యులతో పూర్తి ప్రదర్శన చేయించాలి. శోభకు జడకోలాటంలో తెలిసింది ఒకటే, అది అయిపోయాక అందరికీ మజ్జిగ ఇవ్వాలని.

అబద్ధం ఒకటి ఆడితే దాన్ని మేపడానికి ఇంకోటి ఆడాలి. ఆడబిడ్డ పేరు ఇందు, ఉండేది ఆదోనిలో. శోభ ఆమెకు ఫోన్ చేసింది.

"ఇందూ, అత్త నిన్ను సూడల్లని శానా తలుస్తాంది. రెండు దినాలు పిలిపించుకోరాదా?"

"నేనే అడగల్లనుకుంటి వదినా. రేపే బస్సెక్కించు" అంది ఇందు.

గురువారం పొద్దున తిమ్మక్క ఆదోని బస్సు ఎక్కింది. చేతిలో సంచి, సంచిలో రెండు చీరలు, కూతురికి ఇష్టమైన శనగల పొడి. అన్నిటికంటే పైన మడత పడకుండా ఏదో పెట్టుకుంది. శోభ అదేమిటో చూడలేదు. బస్సు కదలగానే ఎంత హాయిగా ఊపిరి పీల్చిందంటే, పక్కనున్నామె ఒంట్లో బాగలేదా అని అడిగింది.

ఆ సాయంత్రం షెడ్డులో ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి సంగతి చెప్పింది. వాళ్లలో పెద్దది హులిగమ్మ, యాభై దాటిన మనిషి, ఇరవై ఏళ్లుగా మొదటి తాడు ఆమెది.

"అంటే రేపు నువ్వు గురువా?"

"ఒక్క గంటసేపు అక్కా. సారు వస్తాడు, సూస్తాడు, పోతాడు."

"కోలు యా సేత్తో పట్టుకుంటారు సెప్పు."

శోభ కాసేపు ఆలోచించి ఎడమచెయ్యి ఎత్తింది. హులిగమ్మ ఆ చెయ్యి దించి, కుడిచెయ్యి పైకెత్తింది.

శుక్రవారం పదకొండుకు తనిఖీ అధికారి చంద్రశేఖర్ వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, మెడలో పొడవాటి ట్యాగుకు గుర్తింపు కార్డు, చేతిలో ఫైలు, మనసులో జానపదం అంటే నిజమైన ప్రేమ. ఈ మూడోదే కొంప ముంచింది. ఏదీ పట్టని అధికారి అయితే రెండు ఫోటోలు తీసుకుని ఉగ్గాని తిని వెళ్లిపోయేవాడు.

"ముందు గురువందనం కదండీ? తాళ్లు పట్టే ముందు శిష్యులు గురువుగారి కాళ్లకు మొక్కి తాంబూలం ఇస్తారని చదివాను. అది కూడా ఉండాలి" అన్నాడు.

తిమ్మక్క కాళ్లకు మొక్కే చేతులు ఇప్పుడు శోభ కాళ్ల దగ్గరికి వచ్చాయి. అక్క వయసున్నవాళ్లు కూడా వంగారు. శోభకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. హులిగమ్మ వంతు వచ్చినప్పుడు ఆమె భక్తిగా వంగి, శోభ బొటనవేలిని గట్టిగా గిల్లి లేచింది. చంద్రశేఖర్ ఆ దృశ్యాన్ని ఫోటో తీసుకున్నాడు. అందులో గురువుగారి కళ్లల్లో నీళ్లు స్పష్టంగా ఉన్నాయి.

తర్వాత లెక్క చూశాడు. "జాబితాలో పదహారు మంది ఉన్నారు. ఇక్కడ పదిహేనే."

"ముత్తమ్మ పత్తి తీసేకి కౌతాళం పోయినాది సార్" అన్నాడు మద్దెల ముందు కూర్చున్న బాలు. "కూలి వదులుకోలేరు గదా."

"పదహారు తాళ్లకు పదహారు మంది లేకపోతే జడ పడదు కదండీ." చంద్రశేఖర్ మొహంలో చిన్నపిల్లాడి ఆశ ఒకటి మెరిసింది. "నేను పట్టుకోనా?"

వద్దని చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఆ వీధిలో ఉంది, ఆమె ఆదోనిలో ఉంది. అధికారి ఫైలు కుర్చీలో పెట్టి తాడు పట్టుకున్నాడు. "గురువుగారు మధ్యలో నిలబడండి. ఫోటో బాగా వస్తుంది" అని కూడా అన్నాడు.

జడకోలాటంలో గురువు బయట నిలబడాలి. కొండి కింద నిలబడిన మనిషి జడలో పడుతుంది. ఈ సంగతి పదిహేను మందికీ తెలుసు. పదిహేను మందీ హులిగమ్మ వైపు చూశారు. హులిగమ్మ దూలం వైపు చూసింది.

బాలు మద్దెల మొదలుపెట్టాడు. పాట లేచింది. శోభ మధ్యలో నిలబడి తాళాలు వాయిస్తూ, అత్తగారిలా తల ఊపుతూ, ఫర్వాలేదే అనుకుంది. తాళ్లు తలపైన అల్లుకుంటున్నాయి, ఎరుపు మీద పసుపు, పసుపు మీద ఆకుపచ్చ. చంద్రశేఖర్ పరవశంలో ఉన్నాడు. లోపలికి దాటాల్సినప్పుడు బయటికి, బయటికి దాటాల్సినప్పుడు లోపలికి దూకుతూ మధ్యమధ్య "అద్భుతం!" అంటున్నాడు. ఒకసారి తాళ్ల కింద వంగి లేచేటప్పుడు మెడలోని ట్యాగు పక్కామె కోలుకు తగులుకుని, తల మీదుగా జారి, కార్డుతో సహా జడలోకి వెళ్లింది. ఆయన గమనించలేదు.

జడ శోభ నెత్తికి చేరింది, భుజాలకు వచ్చింది. ఆమె తాళాలు ఆపింది. మోచేతులు కదలక ఆగిపోయాయి.

"అక్కా, ఆపండి! ఆపండి!"

నడుము దగ్గర ఆగింది. ఎమ్మిగనూరులో ఒక్క దరఖాస్తు కూడా వెనక్కి రానివ్వని మనిషి పదహారు రంగుల్లో నిలువునా చుట్టుకుపోయి నిలబడి ఉంది.

"ఇప్పుడు విప్పడం కదండీ!" చంద్రశేఖర్ ఉత్సాహంగా అన్నాడు. "కానివ్వండి గురువుగారూ, కేక వేయండి."

గురువుగారు కేకే వేసింది కాని అది వేరే కేక. హులిగమ్మకు అప్పటికి కాస్త జాలి కలిగి, తనకు గుర్తున్నంతలో వెనక్కి ఆడించబోయింది. నాలుగు అడుగులు వేసేసరికి జడ ఇంకో బిగువు బిగిసింది. ఎందుకో ఆమెకు వెంటనే అర్థమైంది.

"యా పోగు తప్పిందో తెలిస్తే గదా విప్పేది! సారు ఎన్నితూర్లు తప్పు దాటినాడో ఎవురికి తెలుసు?"

"నేనా?" అన్నాడు చంద్రశేఖర్. మెడ తడుముకున్నాడు. పైకి చూశాడు. జడ మధ్యలోంచి తన ఫోటో తననే చూస్తోంది. "అయ్యో, నా కార్డు! ఒంటిగంటకు కౌతాళంలో ఇంకో తనిఖీ ఉంది. కార్డు లేకుండా వెళ్తే అక్కడ నన్నెవరు నమ్ముతారండీ?"

బాలు మద్దెల పక్కన పెట్టి లేచాడు. "కత్తెర తెస్తా."

పదిహేను మందీ ఒక్కసారే అరిచారు. మగ్గం మీది పడుగుకూ అల్లిన జడకూ కత్తెర తగలకూడదని తిమ్మక్క శాసనం. తగిలితే ఆ ఇంట మగ్గం ఆగిపోతుందని వాళ్ల నమ్మకం. బాలుది మగ్గం ఇల్లే, అతడు మళ్లీ కూర్చున్నాడు. ఇక మిగిలింది ఫోను. ఇందు నంబరు కలిపి, అందరికీ వినబడేలా స్పీకరులో పెట్టి, భార్య మొహం దగ్గర పట్టుకున్నాడు.

"ఇందూ, అత్తకు ఒక్కసారి ఇయ్యి."

"అమ్మ నీతో మాట్లాడదంట వదినా."

"యానికి?"

"లామినేషన్ బాగా చేసినావు వదినా. ఒక్కక్షరం చెరగలేదు. నాకు సూపించేకని అమ్మ గుండెకు ఆనించుకొని తెచ్చినాది. సదివి సెప్పమనింది. సదివి సెప్పినా."

శోభ కళ్లు మూసుకుంది. ఏ గుట్టు ఎవరి కంటా పడకూడదని అత్తగారిని ఊరు దాటించిందో, ఆ గుట్టును ఆమే మోసుకుని చదువు వచ్చిన కూతురి ఒళ్లో పెట్టింది. బస్సు టికెట్టు కూడా శోభే కొనిచ్చింది.

"అంటే గురువుగారు మీరు కాదా?" అన్నాడు చంద్రశేఖర్ నెమ్మదిగా.

"పోర్టల్ ఒప్పుకోలేదు సార్. అరవై దాటితే ఎర్రగా వస్తాంది" అంది శోభ జడలోంచి.

బాలు ఫోను తన వైపు తిప్పుకున్నాడు. ఇంట్లో రోజుకు నాలుగు మాటలు మాట్లాడే మనిషి, ఆ రోజుకు దాచుకున్న మాట వాడాడు. "అమ్మా, శోభ కోసం రావద్దులే. తాళ్లు శానా బిగిసినాయి. సారు కత్తెర అంటాడేమోనని భయంగా ఉండాది."

అవతల నుంచి మొదటిసారి తిమ్మక్క గొంతు వచ్చింది. "కత్తెర ముట్టుకున్నోల్ల సేతులు ఇరగ్గొడతా. వస్తాండా."

ఆదోని నుంచి రావాలంటే గంటన్నర. ఆ గంటన్నర శోభ జీవితంలో ఎంత పొడవైందో ఆమే చెప్పాలి. హులిగమ్మ గ్లాసుతో నీళ్లు తాగించింది. చంద్రశేఖర్ కౌతాళం తనిఖీని ఫోనులో సాయంత్రానికి మార్చుకుని, కుర్చీలో కూర్చుని ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాడు. ఆదోని వైపు మిరపకాయ గురించి ఎవరూ చెప్పకపోవడంతో కాసేపు ఆయన కూడా ఏడ్చాడు. షాపు మూసి ఉండటం చూసి జనం వెతుక్కుంటూ షెడ్డుకే రావడం మొదలుపెట్టారు. అందరికంటే ముందు హాలహర్వి నుంచి వచ్చిన రైతు ఉరుకుందప్ప, పంట బీమా కాగితాలతో.

"అమ్మా శోభమ్మా, మూడో తూరి వస్తాండా. ఈ పొద్దన్నా అయితాదా?"

అలవాటు చొప్పున శోభ నోట ఆ మాటే వచ్చింది. "సర్వర్ డౌన్ ఉంది, రేపు రా."

ఉరుకుందప్ప ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు. "కనపడ్తానే ఉండాది లేమ్మా" అన్నాడు. వెళ్లకుండా అక్కడే కూర్చున్నాడు. ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చి ఈ చోద్యం వదులుకుని పోవడం ఆయనకు ఇష్టంలేకపోయింది.

ఒకటిన్నరకు తిమ్మక్క వచ్చింది. వెనకాల ఇందు, ఆమె చేతిలో ఆ లామినేషన్ కాగితం. తిమ్మక్క కోడలి మొహం చూడలేదు. జడ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. మగ్గం మీద తప్పు పోగు వెతికేటప్పటిలా కళ్లు చికిలించి, అక్కడక్కడా వేలితో తాకి చూసింది.

"పదారో తాడు పట్టుకుండిందెవురు?"

"నేనేనండీ" అన్నాడు చంద్రశేఖర్, కుర్చీలోంచి లేచి నిలబడి.

"ఏడు తూర్లు తప్పినావు."

జీవితంలో ఎవరూ ఆయన తప్పుల్ని ఇంత కచ్చితంగా చెప్పి ఉండరు.

అప్పుడు తిమ్మక్క కోడలి ముందుకు వచ్చి నిలబడింది. అరవలేదు. అరిచి ఉంటే శోభకు కాస్త తేలికగా ఉండేది.

"ఆ పొద్దు నా ఏలు పట్టుకొని సూపిస్తివి గదమ్మా, ఇదే నీ పేరని. కండ్లకద్దుకుంటి."

"తప్పయిపాయ అత్తా." శోభకు ఏడుపు ఆగలేదు. తుడుచుకుందామంటే చేతులు లేవలేదు. "దరఖాస్తు వెనక్కి వస్తాదేమోనని… నా పేరు పోతాదేమోనని భయపడితి. నీ పేరు పోతాంది అనుకోల్యా."

"సెప్పింటే ఏమయితాండ్య? నా కోడలి పేరని సెప్పినా కండ్లకద్దుకుండేదాన్నే." తిమ్మక్క చీర కొంగుతో కోడలి మొహం తుడిచింది, కాస్త గట్టిగానే. తర్వాత బయటికి వచ్చి, ఎక్కడ నిలబడాలో అక్కడ నిలబడింది. "సారూ, నీ తాడు నువ్వే పట్టుకో. తప్పు దాటినోడే వెనక్కి దాటల్ల. బాలూ, వాయించు."

ఆ తర్వాతి పదిహేను నిమిషాల గురించి షెడ్డులో ఉన్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. పాట మధ్యలో తిమ్మక్క కేకలు, "మూడు లోనికి! పదకొండు నిలు! సారూ, బైటికి, బైటికి, అదీ!" ఒక్కో కేకకు ఒక్కో రంగు విడిపోయింది. శోభ మోచేతులు బయటపడ్డాయి, తర్వాత భుజాలు. ఏడో తప్పు దగ్గర గుర్తింపు కార్డు టప్పున కిందపడింది. చంద్రశేఖర్ దాని వైపు చూడలేదు, అడుగు తప్పుతుందని. చివరికి పదహారు తాళ్లూ వేటికవి నిటారుగా వేలాడాయి. ఉరుకుందప్ప చప్పట్లు కొట్టాడు. పదిహేను మంది ఆడవాళ్లు తిమ్మక్క కాళ్లకు మొక్కారు, ఈసారి ఎవరూ గిల్లలేదు.

చంద్రశేఖర్ చెమట తుడుచుకుని ఫైలు తెరిచాడు. శోభ ఎదురుగా నిలబడింది, తీర్పు కోసం.

"తప్పుడు వివరాలు ఇచ్చినందుకు దీన్ని తిరస్కరించాలండీ నేను."

పదకొండేళ్ల పేరు పోయింది. విచిత్రంగా శోభకు దాని మీద బాధ కలగలేదు. "చేయండి సార్. కాని మా అత్త తిమ్మక్క ఆట సూసినారు గదా. ఆ పేరు యాడన్నా రాయండి. మీ సొంత డైరీలో అయినా సరే."

ఆయన పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగాడు. "పధ్నాలుగో గడిలో ‘వర్తించదు’ అని రాశారేమిటి?"

"దానికి చుక్క లేదు సార్."

"చదివారా అసలు?"

చంద్రశేఖర్ పైకి చదివాడు. "‘గురుపరంపర. మీకు ఈ కళ నేర్పిన గురువు జీవించి ఉంటే వారి పేరు.’ దీనికి వయసు పరిమితి లేదు. ఈ గడి నింపితే మంజూరు పత్రం మీద మొదటి పేరు వారిదే. అరవై దాటినవాళ్ల కోసమే పెట్టాం దీన్ని. గురువుకు గురువు బతికి ఉండటం అరుదు కదా, అందుకే చుక్క పెట్టలేదు. పోయిన సంవత్సరం నుంచి చూస్తున్నాను, ఒక్కరూ నింపరు. అందరూ ‘వర్తించదు’ అనే రాస్తారు."

ఆ అందరిలో ఎంతమందికి తాను నింపిపెట్టిందో శోభ మనసులో లెక్కవేసుకుంది. సి.బెళగల్ భజన బృందం, ఆదోని బుర్రకథ ఆయన, ఇంకా ముగ్గురు. ఇక లెక్క ఆపేసింది.

"దిద్దుకోవడానికి మూడు నెలలు గడువిస్తాను. రోజూ నేర్పే శిక్షకురాలిగా మీ పేరు ఉండొచ్చు, పైన తిమ్మక్కగారి పేరు. కాని ఒక షరతు ఉంది. ఈమెకు విద్య వచ్చిందని గురువుగారు ధ్రువీకరించి వేలిముద్ర వేయాలి. అది పడితేనే మంజూరు." కార్డు తీసుకుని మెడలో వేసుకున్నాడు. వెళ్లే ముందు తిమ్మక్క కాళ్లకు మొక్కాడు. అది ఏ నిబంధనలోనూ లేదు.

ఆ సాయంత్రమే శోభ కొత్త ప్రింటు తీసింది. పధ్నాలుగో గడిలో ‘తిమ్మక్క’ అని పెద్ద అక్షరాలు. తిమ్మక్క ఈసారి కోడలి మాట నమ్మలేదు. ఇందుతో చదివించింది, ఉరుకుందప్పతో చదివించింది, అప్పుడు కళ్లకద్దుకుంది. శోభ ఇంకు ప్యాడ్ తెరిచి ముందు పెట్టింది.

"ఇంగ ఈడ ఒక్క ఏలిముద్ర అత్తా."

"ఏమని?"

"నాకు ఆట వచ్చని."

"నీకు వచ్చునా?"

శోభ ఇంకు ప్యాడ్‌ను ఇంకాస్త ముందుకు జరిపింది.

"రానిదాన్ని వచ్చునని ముద్ర ఏస్తే, అదీ నీ దరఖాస్తు మాదిరే అయితాది." తిమ్మక్క ఇంకు ప్యాడ్ మూత పెట్టింది. "పొద్దున ఆరుకు షెడ్డుకు రా. ఈ తూరి బైట నిలబడు."

అప్పటినుంచి రెండున్నర నెలలుగా ఎమ్మిగనూరులో ఒక వింత నడుస్తోంది. ఊరి దరఖాస్తులన్నీ నింపే మనిషి సొంత దరఖాస్తు పెండింగులో ఉంది. పొద్దున ఆరుకు శోభ షెడ్డులో ఉంటుంది. హులిగమ్మ అడుగులు దిద్దుతుంది. ఇప్పుడు గిల్లదు, కోలుతో కొడుతుంది. షాపులో ఇప్పుడు చుక్క లేని గడులు కూడా చదువుతుంది. అందువల్ల ఒక్కో దరఖాస్తుకు అరగంట పడుతోంది, జనం తిట్టుకుంటున్నారు. ఉరుకుందప్ప పంట బీమా మాత్రం అయిపోయింది.

నిన్న మొదటిసారి ఆమె కేకలతో జడ విడింది. పదహారు తాళ్లలో పదిహేను. ఒక్కటి మాత్రం కొండి దగ్గర చిన్న చిక్కులో ఆగిపోయింది. ఆ చిక్కును తిమ్మక్క చాలాసేపు చూసింది, ఆమె పెదవుల చివర నవ్వు లాంటిదేదో వచ్చి పోయింది. గడువు ఇంకా పదిహేను రోజులుంది. శోభ ఇదే సమయమనుకుని, చెమట కూడా తుడుచుకోకుండా కాగితం, ఇంకు ప్యాడ్ తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.

తిమ్మక్క తన బొటనవేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, తల ఎత్తకుండానే అంది.

"సర్వర్ డౌన్ ఉంది, రేపు రా."